కోట: కొండకొననుండి పాతాళమునకు

మనుష్యులకువలెనే మాటలకును పుట్టువును, పెంపును, వలసయు కలవు. 'కోట' యను మాట చరిత్రమును తెలియగోరువారికి కోలారు సీమకంటె తగినచోటు అరుదు. ఏలయన, అచ్చట నీ భావము ఊరిపేరై, కొండపేరై, తుదకు భూగర్భమున నొక బంగారు గనికి పేరై వెలసినది.

తమిళమున కోట్టై, కన్నడమున కోటె, మలయాళమున కోట్ట, తెనుగున కోట. సోదరభాషలన్నిటను వినవచ్చు ఈ దేశ్యపదమునుండియే సంస్కృతమునకు 'కోట్ట' శబ్దము సంక్రమించినదని పెక్కురు భాషావేత్తల యభిప్రాయము. సంస్కృతమున దీనికి ప్రసిద్ధమైన పేరు దుర్గము. ప్రయాసపడి గాని చేరరానిదని దాని వ్యుత్పత్తి. రాజ్యమునకు చెప్పబడిన సప్తాంగములలో దుర్గ మొకటి. కౌటిల్యుడు జల, గిరి, మరు, వన భేదములచే దుర్గములను నాలుగు తెగలుగా విభజింపగా, మనుస్మృతి ఆరింటిని పేర్కొని, మనుష్యులే రక్షగా గల నృదుర్గమును అందు చేర్చినది. కోట యనగా రాతిగోడ మాత్రమే కాదను ఎఱుక అంత ప్రాచీనము.

మన ప్రబంధములలో కోట మిన్నంటుటయు, అగడ్త పాతాళమును ముట్టుటయు పురవర్ణనకు పరిపాటియైన యతిశయోక్తులు. జనుల నోట నీ మాట మఱియొక తీరున బ్రదికినది: చేతలు గడప దాటనివాని మాటలు కోటలు దాటును, ఎవరును కదల్పలేని బలిమి కంచుకోట యగును. ఇందొక విశేషము కలదు. ఆంగ్లేయులు పగటికలలలో గాలిలో కోటలు కట్టుకొనగా, తెనుగువారు మేడలను మాత్రమే కట్టుకొనిరి. ఆపద వచ్చిననాడు ఊరెల్ల తలదాచుకొనవలసిన కోటను నేలనుండి పెకలించుటకు మన పలుకుబడి యొప్పుకొనలేదు.

గాంగరాజుల నాటి కువలాలపురమే నేటి కోలారు. దానికి తూర్పుననున్న ములబాగిలు 'మూడలబాగిలు', అనగా తూర్పువాకిలి. విజయనగర సామ్రాజ్యమునకు అది తూర్పువాకిలి యని ప్రసిద్ధి. సామ్రాజ్యమునే యొక కోటగా తలచినగాని ఊరికట్టి పేరు పొసగదు. హైదరాలీ జన్మించిన బూదికోట బంగారు గనులకు చేరువలోనిదే. బూది యనగా విభూతి. ఒకప్పుడు కోలారు మండలములోనిదై, 2007 నుండి చిక్కబళ్ళాపురము జిల్లాకు చెందిన నందిదుర్గము, టిప్పు సుల్తాను ఏలుబడిలో దుర్భేద్యమని పేరొంది, 1791 అక్టోబరులో ఆంగ్లసేనలకు వశమయ్యెను. వారి నోట దుర్గము 'ద్రూగ్' అయ్యెను.

1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల త్రవ్వకమునకు పూనుకొనిన పిమ్మట వర్ధిల్లిన గనులలో నొకదానికి నందిద్రూగ్ అను పేరు కలిగినది. కొండకొననుండు దుర్గముపేరు భూమిలోనికి దిగినది! చేరువనున్న చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. కవులు అగడ్తకు కల్పించిన పాతాళమును ఇచ్చట కూలివాడు దీపము చేతబూని నిజముగ చూచినాడు. ప్రయాసపడి గాని చేరరానిది దుర్గమైనచో, ఆ గనికంటె దుర్గమేది?

మన దేశమున కోట యున్నచోట దాని నీడలో పేట పుట్టుట వాడుక. బంగారు గనులయొద్ద రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట కలవు గాని వానికి కోట లేదు. గనియే వానికి కోట. తమిళ దేశమునుండియు, చిత్తూరు సీమనుండియు వచ్చినవారు దానినే నమ్ముకొని తరతరములు బ్రదికిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. కోట పడినను పేట మిగిలినది. వేకువజామున మారికుప్పమునుండి బెంగుళూరికి పోవు రైలులో పనికై బయలుదేరువారిని చూచినపుడెల్ల, మనుష్యులే రక్షగా గల ఆ నృదుర్గమే నాకు స్మరణకు వచ్చును.