మైనపు బ్లాకులో ఆటోఫజీ ఆనవాళ్లు

కాజీపేటలో ఎవరికైనా ఒంట్లో గడ్డ కనిపిస్తే డాక్టరు ముక్క పరీక్ష రాస్తారు. తీసిన ముక్క ఫార్మలిన్ డబ్బాలో పాథాలజీ ల్యాబుకు చేరుతుంది. రిపోర్టు వచ్చాక మనం ఆ ముక్కను మరచిపోతాం. ల్యాబులు మాత్రం దాన్ని మైనపు బ్లాకుగా దాచి ఉంచుతాయి. 1959లో మొదలైన వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ వంటి చోట్ల విద్యార్థులు పాథాలజీ నేర్చుకునేది ఇలాంటి ముక్కల మీదే. కణం తనలోని పాడైన భాగాలను తానే అరిగించుకునే ప్రక్రియ ఆటోఫజీ. దాని జాడను ఈ బ్లాకుల్లో పట్టగలమా? వేర్వేరుగా నడిచిన రెండు చరిత్రలు ఒకచోట కలిశాకే దీనికి జవాబు దొరికింది.

మొదటిది ముక్కను నిలవ చేసే విద్య. 1869లో ఎడ్విన్ క్లెబ్స్ కణజాలాన్ని పారాఫిన్ మైనంలో పొదిగాడు. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మలిన్ కణజాలాన్ని గట్టిపరచి నిలవ ఉంచుతుందని చూపాడు. ఆ పద్ధతి నేటికీ పెద్దగా మారలేదు. 10 శాతం ఫార్మలిన్‌లో నానబెట్టి, ఆల్కహాల్‌తో నీరు తీసి, మైనం పట్టించి, మైక్రోటోమ్ మీద 4 మైక్రాన్ల మందాన కోసి రంగు వేస్తారు. కేంద్రకం నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి కణజాలం కుళ్లకుండా ఆపుతుంది. అయితే కణజాలంలో ఒక్కో ప్రొటీన్‌ను వెతికి పట్టే యాంటీబాడీలకు తర్వాతి కాలంలో అడ్డుపడినవీ ఆ ముడులే.

రెండోది ఆటోఫజీ కథ. కణంలో సరుకును అరిగించే లైసోజోమును కనుగొన్న బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లో ఈ ప్రక్రియకు పేరు పెట్టారు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే దిక్కు. పాడైన భాగాలను చుట్టే రెండు పొరల సంచి, అందులో చిక్కిన మైటోకాండ్రియా ఆ మైక్రోస్కోపులోనే కనిపించేవి. జపాన్‌లో యోషినోరి ఓసుమి ఆకలితో ఉంచిన ఈస్టు కణాల్లో ఆటోఫజీని చూసి 1992లో వెల్లడించారు. మరుసటి ఏడు దానికి అవసరమైన జన్యువులు దెబ్బతిన్న ఈస్టు రకాలను వేరుచేశారు. 2016లో ఆయనకు నోబెల్ వచ్చింది. 2000లో కబెయా, యోషిమోరి బృందం క్షీరదాల్లో ఎల్‌సీ3 ప్రొటీన్ ఆటోఫజీ సంచి పొరకు అతుక్కుంటుందని చూపింది. దాంతో పాథాలజిస్టు చేతికి ఒక గుర్తు దొరికింది.

ఆ గుర్తును మైనపు బ్లాకులో వెతికే వీలు అప్పటికే సిద్ధమైంది. 1940ల మొదట్లో ఆల్బర్ట్ కూన్స్ మెరిసే రంగు అతికించిన యాంటీబాడీతో కణజాలంలో తాను వెతికిన పదార్థాన్ని పట్టుకున్నాడు. 1960ల్లో ఎంజైము అతికించిన యాంటీబాడీలు వచ్చి, మామూలు మైక్రోస్కోపులోనే ఫలితం కనిపించసాగింది. ఫార్మలిన్ ముడుల చిక్కు 1991లో సడలింది. స్లైడ్లను ద్రావణంలో ఉంచి మైక్రోవేవ్‌లో వేడిచేస్తే యాంటీబాడీ మళ్లీ అతుక్కుంటుందని షాన్-రాంగ్ షి బృందం చూపింది. సిట్రేట్ ద్రావణంలో స్లైడ్లు పెట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించే ల్యాబులు ఇప్పటికీ ఉన్నాయి.

ఉడికించిన ఆ ముక్క మీద ఎల్‌సీ3 యాంటీబాడీ వేస్తే కణంలో గోధుమరంగు చుక్కలు తేలతాయి. కష్టమంతా వాటిని చదవడంలోనే ఉంది. కాజీపేట రైల్వే యార్డులో వ్యాగన్లు కిక్కిరిసి ఉన్నాయంటే బండ్లు ఎక్కువగా వచ్చి ఉండవచ్చు, ముందు లైను మూసుకుపోయి ఉండవచ్చు. ఎల్‌సీ3 చుక్కలూ అంతే. సంచులు ఎక్కువగా పుట్టినా పెరుగుతాయి, లైసోజోము వాటిని అరిగించలేకపోయినా పెరుగుతాయి. అందుకే పీ62 అనే ప్రొటీన్‌ను కూడా చూస్తారు. అరగాల్సిన సరుకును సంచికి చేర్చి, దానితోపాటు తానూ అరిగిపోయే ప్రొటీన్ అది. అది పేరుకుందంటే దారి మూసుకుపోయిందని అనుమానించాలి.

కాలేయం ఇందుకు మంచి ఉదాహరణ. మద్యంతో దెబ్బతిన్న కాలేయ కణాల్లో గులాబీరంగు ముద్దలను ఫ్రాంక్ మాలొరీ 1911లో వర్ణించాడు. చాలాకాలం తర్వాత ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకులు ఆ ముద్దల్లో పీ62ను పట్టుకున్నారు. సాధారణ రంగులో అంతకాలం కనిపిస్తూ వచ్చిన ముద్ద లోపల ఏముందో యాంటీబాడీ చెప్పింది.

అయినా ఒక్క స్లైడు చూసి తీర్పు చెప్పడం తప్పు. 2008లో మొదటిసారి వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా సంచుల సంఖ్యను చూసి ప్రక్రియ వేగాన్ని అంచనా వేయవద్దని హెచ్చరించాయి. బ్లాకులో ఉన్నది ఒక్క క్షణం మాత్రమే. ఆటోఫజీ పరీక్ష ఇంకా పరిశోధనకే గాని రోజువారీ రోగనిర్ధారణకు రాకపోవడానికి ఇది పెద్ద కారణం.

బ్లాకులో నిలిచే ఆ ఒక్క క్షణం విషయంలో ఆపరేషన్ థియేటర్ బాధ్యత ఎక్కువ. రక్తం ఆగిన కణానికి ఆకలి మొదలవుతుంది. ఆకలే ఆటోఫజీని రేపుతుంది. ముక్క గంటల తరబడి ట్రేలో ఉండిపోతే, మనం చూసేది జబ్బు గుర్తో ఆలస్యం గుర్తో తేల్చలేం. కాబట్టి ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం ఫారం మీద రాయాలి. బఫర్ కలిపిన ఫార్మలిన్ సరిపడా పోయాలి. బ్లాకులను చెమ్మ, వేడి తగలకుండా, నంబర్లు చెరగకుండా ఉంచాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. మన జిల్లాల రోగుల ముక్కలు మన రోగాల గురించి రేపటి శాస్త్రానికి సాక్ష్యం చెప్పాలంటే ఈ క్రమశిక్షణ ఈ రోజే అలవాటు కావాలి.