కొబ్బరికాయ సమంగా పగలాలి

నెల్లూరు తీరాన చిట్టమూరు మండలంలో మల్లాం అనే ఊరుంది. అక్కడి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి పెద్ద పేరు. నాయుడుపేటలోనో గూడూరులోనో రైలు దిగి వచ్చే భక్తులు మొక్కు చెల్లించి, ప్రసాదం తిని, ఎండ ముదరకముందే తిరుగుముఖం పడతారు. శాసనాలు చదివేవాళ్లకు మాత్రం ఈ ఊరు ఇంకో సంగతి వల్ల తెలుసు. పల్లవుల చివరి రోజుల్లో, కంపవర్మ కాలంలో వేసిన తమిళ శాసనం ఒకటి ఇక్కడ ఉంది. ఒక వీరుడు తన ఒంట్లో తొమ్మిది చోట్ల మాంసం కోసి భటారికి, అంటే అమ్మవారికి, అర్పించాడనీ, ఆఖరుకు తలనే కోసి పీఠం మీద పెట్టాడనీ, అందుకు గుర్తుగా భూమి ఇచ్చారనీ దాని సారాంశం. నవఖండం అంటారు దీన్ని.

ఆ వీరుడికీ, హిజ్రాలు చేయించుకునే నిర్వాణానికీ నేరుగా చుట్టరికం లేదు. నిర్వాణం అంటే మగ అవయవాలను పూర్తిగా తీసేయించుకోవడం. దాని వెనుక ఉన్నది యుద్ధం కాదు, రాజు కాదు, తనెవరో తనకు తెలిసిన మనిషి. అయినా ఈ నేల మీద ఆ చరిత్ర చెప్పాలంటే మల్లాం రాయి దగ్గరే మొదలుపెట్టడం బాగుంటుంది. ఒంట్లో ఒక భాగాన్ని అమ్మవారికి ఇచ్చేయొచ్చనీ, ఇచ్చినవాళ్లను ఊరు గౌరవించాలనీ 9వ శతాబ్దంలోనే ఇక్కడివాళ్లు రాతిలో చెక్కించుకున్నారు.

దాదాపు ఆ కాలంలోనే పెరుందేవనార్ తమిళంలో భారతం రాశాడు. అర్జునుడి కొడుకు అరవాన్ యుద్ధానికి ముందు కాళికి తన శరీరాన్ని కోసి ఇచ్చిన కథ అందులో ఉంది. విల్లుపురం దగ్గరి కూవాగంలో ఏటా చిత్తిరై మాసంలో జరిగే కూత్తాండవర్ జాతర ఆ అరవాన్‌దే. వేలమంది హిజ్రాలు అక్కడ అరవాన్ పేరున తాళి కట్టించుకుంటారు, మర్నాడు తెంపించుకుని తెల్లచీర కట్టుకుంటారు. తెలుగు జిల్లాల నుంచి కూడా వెళతారు. నెల్లూరు తీరం నుంచి చూస్తే అదేమంత దూరం కాదు. చెన్నై దాటి ఇంకొంత పోతే చాలు.

తెలుగులో పేడి కథ, అంటే ఆడా మగా కాని మనిషి కథ, మొదటి నుంచీ నెల్లూరుదే అనాలి. నన్నయ అరణ్యపర్వం సగంలో ఆపేసిన భారతాన్ని 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి మంత్రి తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఊర్వశి శాపం తగిలిన అర్జునుడు ఏడాది పాటు బృహన్నల అయ్యేది ఆ పర్వంలోనే. పేడి అనే మాటకు, ఆ రూపానికి తెలుగు పాఠకుడు అలవాటు పడింది పెన్న ఒడ్డు నుంచి వచ్చిన పుస్తకంతోనే. వ్యాసభారతంలో ఒక చిన్న ముక్క ఉంది, చాలామంది గమనించరు. బృహన్నల నాట్యం నేర్పుతానని వస్తే విరాటుడు ఊరికే నమ్మలేదు. అంతఃపుర స్త్రీల చేత విచారణ చేయించి, మగతనం లేదని తేల్చుకున్నాకే కూతురి దగ్గరికి పంపాడు. ఈ తేల్చుకోవడం తర్వాతి కాలాల్లో ఎన్ని వేషాలు మార్చిందో ముందు ముందు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక గీత గీయాలి. అంతఃపురాలకు కాపలాగా, ఖజానాలకు అధికారులుగా, సేనాపతులుగా పనిచేసిన ఖోజాలది, అంటే మగతనం తీసేసిన బానిసలది, వేరే చరిత్ర. 1310లో ఓరుగల్లు ముందు నిలబడి ప్రతాపరుద్రుణ్ని లొంగదీసిన మాలిక్ కాఫూర్ అలాంటివాడే. గుజరాత్‌లో బానిసగా దొరికి ఢిల్లీకి చేరినవాడు. వేయి దీనారాలకు కొన్నారని పేరే ‘హజార్ దీనారీ’ అయింది. ఖోజా అవుతావా అని బానిసను అడిగేవాళ్లు లేరు. నిర్వాణం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెంటినీ కలిపేయడం మన రచనల్లో పాత జబ్బు. ఒకచోట కొన్నవాడు కోశాడు. రెండోచోట తనకు కావాలని మనిషి సంవత్సరాల తరబడి అడుగుతూ, ఆగుతూ, భయపడుతూ వచ్చాడు. లేదా వచ్చింది.

ఆ అడగడం, ఆగడం ఎలా ఉంటుందో హైదరాబాద్ వైపు నుంచి బాగా తెలుసు. మానవశాస్త్రవేత్త గాయత్రి రెడ్డి 1990లలో సికింద్రాబాద్‌లో ఒక నీళ్ల ట్యాంకు కింద గుడిసెల్లో ఉన్న హిజ్రాల మధ్య తిరిగి పరిశోధన చేశారు. 2005లో వచ్చిన ఆమె పుస్తకం ఈ విషయంలో ఇప్పటికీ మొదట చదవాల్సింది. ఆ లోకంలో తిరిగే మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. గురువు, చేలా (శిష్యురాలు), రీత్ (ఒక గురువు ఇంటికి చెందినట్టు చేసే తంతు), బదాయి (శుభకార్యాల్లో దీవించి తీసుకునే కానుక), నిర్వాణం. నిర్వాణం కానివారిని అక్వా అంటారు. అన్నిటికన్నా పై మాట ఇజ్జత్, అంటే గౌరవం. కత్తి దాకా వెళ్లి వచ్చినవారికి ఇజ్జత్ ఎక్కువ, ఇది దాచేది కాదు. అలాగని అందరూ వెళ్లరు. జీవితమంతా అక్వాగానే చీర కట్టుకుని బతికి, గురువులైనవాళ్లూ ఉన్నారు. తెలంగాణ జాతరల్లో కనిపించే శివసత్తుల్లో, ఎల్లమ్మకు అంకితమైన జోగప్పల్లో నిర్వాణం ఆచారమే కాదు. ఒంటిని ఉన్నట్టే ఉంచి చీర కట్టడం అక్కడి పద్ధతి.

చేలా ఒకరు నిర్వాణం కావాలని అడగ్గానే గురువు సరే అనే రోజులు ఎప్పుడూ లేవు. గురువుకు ఏళ్ల తరబడి చాకిరీ చేయాలి, సంపాదన తెచ్చి పెట్టాలి, జమాత్‌లో, అంటే హిజ్రా పెద్దల కూటమిలో, మాట తెచ్చుకోవాలి. అప్పుడు కబురు దాయమ్మకు వెళుతుంది. దాయి అంటే మంత్రసాని. తమిళం వైపు తాయమ్మ అయింది, అక్కడ అర్థం కూడా అమ్మే. ఆమె చదువుకున్న డాక్టరు కాదు. తనూ ఒకప్పుడు అదే బాటన వచ్చిన హిజ్రా. తన చేతుల్లో ఉన్నది తన శక్తి కాదని, బహుచర మాతదని ఆమె నమ్మకం. బహుచర మాత గుడి గుజరాత్‌లోని మెహసాణా జిల్లా బేచరాజీలో ఉంది. అమ్మవారి వాహనం కోడిపుంజు. దారిలో దొంగలు అడ్డగిస్తే తన రొమ్ములు తానే కోసుకుని ప్రాణం విడిచిన చారణ కన్య దేవత అయిందని కథ.

దాయమ్మ ముందుగా శకునం చూస్తుంది. కొబ్బరికాయ కొడుతుంది. రెండు చెక్కలూ సమంగా విడితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. వంకరగా పగిలితే ఆ రోజుకు లేదు, మళ్లీ ఎప్పుడో. అమెరికన్ మానవశాస్త్రవేత్త సెరీనా నందా 1990లో అచ్చువేసిన పుస్తకంలో ఈ కొబ్బరికాయ సంగతి వివరంగా ఉంది. మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఒక పని చేస్తుంది ఆ కాయ: చివరి క్షణంలో వెనక్కి తగ్గడానికి దారి ఉంచుతుంది. కాయ వంకరగా పగిలిందంటే చాలు, పరువు పోకుండా తిరిగి రావచ్చు.

అది దాటితే ఇక వెనక్కి రావడం ఉండదు. అమ్మవారి పటం ఎదుట కూర్చుని మాతా మాతా అని జపించడమే మత్తుమందు. ఎంతమంది లేవలేదో లెక్క ఏ రిజిస్టర్లోనూ లేదు. లేచినవారికి నలభై రోజులు బాలింత పత్యం. అద్దం చూసుకోకూడదు, బయటికి రాకూడదు. ఆఖరున పసుపు పూసి, గోరింట పెట్టి, కొత్త చీర కట్టి అప్పుడు అద్దం చేతికిస్తారు. తెలుగిళ్లలో పురిటి స్నానం చూసినవాళ్లకు ఈ వరస ఏమీ కొత్తగా ఉండదు. హిజ్రాలు దాన్ని మరో జన్మ అనడం ఉత్త అలంకారం కాదు, తంతు మొత్తం పురుడే.

ప్రభుత్వాలకు దీనిలో పురుడు కనిపించలేదు, నేరం కనిపించింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 320వ సెక్షన్ తీవ్రగాయాల జాబితా ఇచ్చింది. అందులో మొట్టమొదటిది కన్ను కాదు, కాలు కాదు, పురుషత్వం పోగొట్టడం. పైగా 87వ సెక్షన్ ప్రకారం తీవ్రగాయం చేయాలనే ఉద్దేశంతో చేసిన పనికి ఎదుటివారి సమ్మతి కవచం అయ్యేది కాదు. రోగి మేలు కోరి చేసే వైద్యానికి 88వ సెక్షన్ రక్షణ ఉన్నా, ఆ మేలు ఇదేనని కోర్టులో ఒప్పించే ధైర్యం ఎంతమంది డాక్టర్లకు ఉండేది? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ జాబితా మొదటి పంక్తి మారలేదు.

1871 నేరస్థ జాతుల చట్టం ఉత్తరాదిన హిజ్రాలను రిజిస్టర్లలోకి ఎక్కించింది. దాన్ని చూసి నిజాం ప్రభుత్వం 1329 ఫస్లీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టం తెచ్చింది. హైదరాబాద్ నగరంలో ఉన్నవారి పేర్లు, చిరునామాలు రాసుకోవాలి. ఆడబట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. వైద్య పరీక్షలో మగతనం లేనట్టు తేలినవారు కూడా ఆ చట్టం నిర్వచనంలోకి వచ్చారు. విరాటుడి అంతఃపుర పరీక్ష కొత్వాల్ కచేరీకి చేరిందన్నమాట. నెల్లూరు తీరం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి ఈ చట్టం ఇక్కడికి రాలేదు, కానీ పీనల్ కోడ్ అంతటా ఉంది. దాయమ్మ గది ఊరి చివరికి, రాత్రి మూడు గంటలకు జరిగిపోయింది.

తెలుగులో ఈ అనుభవం మొదటి వ్యక్తి గొంతుతో వినిపించింది అనువాదం ద్వారా. హిజ్రా రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథ ఇంగ్లిష్‌లో 2010లో వచ్చింది. దాన్ని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దానికే వచ్చింది. రేవతి తరం నాటికి ప్రశ్న మారింది. నిర్వాణం చేయించుకోవాలా వద్దా అన్నదానికి తోడు, తాయమ్మ దగ్గరా డాక్టరు దగ్గరా అన్నది కూడా. తాయమ్మ చేతిలో అయినవారికి గౌరవం ఒక మెట్టు ఎక్కువ, డాక్టరు చేతిలో ప్రాణం ఒక మెట్టు భద్రం. ఆ డాక్టర్లు కూడా తలుపులు వేసుకుని చేసినవాళ్లే.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో తీర్పు ఇచ్చింది. తన లింగం ఏదో చెప్పుకునే హక్కు మనిషిదే, అందుకు శస్త్రచికిత్స చేయించుకోవాలని ఒత్తిడి చేయడం చట్టవిరుద్ధం అంది. హిజ్రా జమాత్‌లకు కూడా ఇది చురక వంటిదే. అక్వా తక్కువ, నిర్వాణం ఎక్కువ అనే పాత లెక్కను కోర్టు ఒప్పుకోలేదు. 2018లో లోక్‌సభ ఆమోదించిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లులో, ఎవరు ట్రాన్స్‌జెండరో తేల్చే జిల్లా స్క్రీనింగ్ కమిటీ పెట్టాలనుకున్నారు. విరాటుడు మూడోసారి తొంగిచూశాడు. గోల జరిగాక 2019 చట్టంలో కమిటీ పోయింది. ట్రాన్స్‌జెండర్ అని గుర్తింపుకు కలెక్టర్ ఇచ్చే పత్రం, స్త్రీ లేదా పురుషుడు అని మార్చుకోవాలంటే శస్త్రచికిత్స తర్వాత ఆసుపత్రి పత్రం అన్న మెలిక మిగిలింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన వ్యాజ్యంలో 2023 జులైలో తెలంగాణ హైకోర్టు నిజాం నాటి 1329 ఫస్లీ చట్టాన్ని కొట్టేసింది. నూట నాలుగేళ్లు బతికింది ఆ చట్టం.

వైద్యం కూడా దారి మార్చుకుంది. తమిళనాడు 2008లో సంక్షేమ బోర్డు పెట్టి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా శస్త్రచికిత్సలు మొదలుపెట్టింది. ప్రపంచ ట్రాన్స్‌జెండర్ వైద్యనిపుణుల సంఘం డబ్ల్యూపాథ్ 2022 మార్గదర్శకాల్లో తొలిసారి యూనక్‌ల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చింది. స్త్రీ కావాలని లేకపోయినా మగ అవయవాలు వద్దనుకునేవారు ఉంటారని ఆ పుస్తకం ఒప్పుకుంది. సికింద్రాబాద్ ట్యాంకు కింద ఈ ముక్క ఎవరినడిగినా చెప్పేవారు. డాక్టర్లు ఈ నిర్ణయానికి ముందు కూర్చోబెట్టి చెప్పే మాటలు మాత్రం దాయమ్మ చెప్పనివి: పిల్లలు పుట్టే అవకాశం పోతుంది, బీజాలు తీసేశాక హార్మోన్లు వాడకపోతే ఎముకలు గుల్లబారతాయి, మనసు స్థిమితంగా ఉందో లేదో ముందు చూడాలి.

వీటిలో చాలావరకు కాగితం మీద ఉండగానే 2022 ఫిబ్రవరిలో నెల్లూరు పట్టణంలో ఒక లాడ్జి గది. పొరుగు జిల్లా నుంచి వచ్చిన ఒకరికి ముంబై వెళ్లే స్తోమత లేదు, ఇక్కడే తక్కువలో చేస్తామన్నారు ఇద్దరు ఫార్మసీ విద్యార్థులు. వీడియోలు చూసి నేర్చుకున్నారని పోలీసులు చెప్పారు. రక్తం ఆగలేదు. మనిషి గదిలోనే పోయారు, విద్యార్థులు అరెస్టయ్యారు. వార్త రెండు రోజులు నడిచింది, చాలా శీర్షికల్లో వెటకారం కూడా ఉంది. ఆ గదిలో గురువు లేదు, దాయమ్మ లేదు, డాక్టరు లేడు. వద్దులే, మళ్లీ చూద్దాం అని చెప్పడానికి ఒక కొబ్బరికాయ కూడా లేదు.

అదే ఏడాది ఆగస్టు 24న కేంద్రం ట్రాన్స్‌జెండర్ల కోసం ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ ఒప్పందం మీద సంతకం చేసింది. ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం, లింగమార్పిడి శస్త్రచికిత్స సహా. అంతకు ముందే, 2021 జనవరిలో, హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్లే నడిపే మిత్ర్ క్లినిక్ తెరిచారు. హార్మోన్ల సలహా, మానసిక సలహా ఒకే చోట దొరికేవి. అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 మొదట్లో అది మూతపడింది.