కొండ మీద రెండు దినములు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి ఎండను గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. మే మాసములో మన నాపరాతి మిద్దెలు నడిరేయి వరకు సెగ క్రక్కుచుండును. పెన్నేటి ఇసుకమీద పగటివేళ కాలు మోపలేము. అందుచేత మనవారిలో చేతనైనవారు శనివారమున బయలుదేరి, రాయచోటి మీదుగానో కదిరి మీదుగానో మదనపల్లె చేరి, హార్సిలీ కొండ యెక్కి, ఒక రాత్రి చల్లగా నిద్రించి మరునాడు దిగివచ్చుచున్నారు. ఆదివారపు ఆరాధన మానుకొని పోవుచున్నారని సంఘపెద్దలు గొణుగుట నేనెరుగుదును. ఆ తగవు ఇక్కడ తీర్చబోను. ఆ కొండ చరిత్ర మాత్రము చెప్పెదను, ఏలయనగా అది మన జిల్లా చరిత్రయే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మదనపల్లె కడప జిల్లాలోనిదే.

కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ యను ఆమె ఆ కొండకొనను ఏనుగుల కాపుదలలో నివసించెననియు, చుట్టుపట్ల అడవిజనులకు జబ్బు చేసినప్పుడు ఆదుకొనెడిదనియు, ఒకనాడు కనబడకుండ పోయెననియు పెద్దలు చెప్పుదురు. కథయే కావచ్చును. అయినను రోగులకు మేలుచేసిన యొక స్త్రీ పేరు ఆ కొండకు పెట్టుకొనిరి గదా!

తరువాత కడప కలెక్టరు డబ్ల్యు. డి. హార్సిలీ దొర వచ్చెను. 4,000 అడుగులకు పైబడిన ఆ ఎత్తున గాలి చల్లగానుండుట చూచి, 1870 ప్రాంతమున అక్కడ వేసవి బంగళా కట్టించెను. మల్లమ్మ పేరు మరుగుపడి దొర పేరు నిలిచెను. బంగళాకు రాళ్లు మోసినవారి పేరు ఏ కొండకును పెట్టరు.

దొరలను అనుట తేలికయే. మిషనరీలును కొండలెక్కినవారే. మధురలోని అమెరికా మిషనువారు మైదానపు జ్వరములకు, కలరాకు తమవారిని పోగొట్టుకొని, 1845లో కోడైకానలులో మొదటి రెండు ఇండ్లు కట్టుకొనిరి. పాత సమాధుల తోటలలో పసిపిల్లల పేర్లు చదివినవారు వారిని నిందింపజాలరు. అయితే వారితోకూడ ఊరూర తిరిగిన ఉపదేశులు వేసవిని ఊళ్లలోనే గడిపిరి. ఈ మాట చెప్పకుండుట న్యాయము కాదు.

బీదవారికిని మంచిగాలి అందవలెనను తలంపు మదనపల్లె దగ్గరనే కార్యరూపము దాల్చెను. అనేక మిషనులు ఏకమై 1915లో ఆరోగ్యవరమున క్షయరోగుల ఆస్పత్రి నెలకొల్పెను. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దానికి మొదటి అధికారి. ఆ కాలమున క్షయకు మందు లేదు. విశ్రాంతి, బలమైన ఆహారము, శుభ్రమైన గాలి, ఇవే చికిత్స. స్ట్రెప్టోమైసిన్ 1943లోగాని కనుగొనబడలేదు. రోగులు రెండు దినములకు కాదు, నెలల తరబడి మంచముమీద ఉండవలసివచ్చెను. నెలల తరబడి కూలి లేనిచో ఇంట పొయ్యి ఎట్లు రాజును? ఈ ప్రశ్నకు కొండగాలిలో జవాబు లేదు.

మా ఊరి వృద్ధురాలు ఒకామె పెండ్లియైన క్రొత్తలో ఆరోగ్యవరమునకు పోయి, ఎనిమిది నెలలుండి వచ్చెను. చంటిబిడ్డను అత్తగారియొద్ద విడిచిపోయెను. తిరిగి వచ్చునప్పటికి బిడ్డ ఆమెను చూచి ఏడ్చి, అవ్వ చీర పట్టుకొనెనట. ఆమె ఆ రోగమును గూర్చి ఎన్నడును చెప్పదు. ఈ సంగతి మాత్రము చెప్పును.

1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టిరి. బీద క్షయరోగులలో కొందరిని శానిటోరియములో ఉంచిరి, కొందరికి ఇంటియొద్దనే మాత్రలిచ్చిరి. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారును ఇంచుమించు అంతే బాగుపడిరి. ఇంటివారికి రోగము అంటుటయు హెచ్చలేదు. 1959లో ఈ ఫలితములు ప్రకటింపబడగా లోకమంతటను క్షయచికిత్స పద్ధతియే మారిపోయెను. మందు క్రమముగా మ్రింగిన చాలును, కొండ అక్కరలేదు! ఆరోగ్యవరమును కాలక్రమమున అన్ని రోగములు చూచు వైద్యశాలయయ్యెను.

నిరుడు ఆ వృద్ధురాలిని మనుమలు హార్సిలీ కొండకు తీసికొనిపోయిరి, నేనును వెంటనుంటిని. రాత్రి చలికి దుప్పటి కప్పుకొని వరండాలో కూర్చుండి, చాలసేపు ఏమియు మాటాడలేదు. నీలగిరి చెట్ల ఆకులు గలగలలాడుచుండెను. పిమ్మట నావైపు తిరిగి, "ఈ గాలికేనా నాయనా, నన్ను అన్ని నెలలు ఆడ పండబెట్టిరి?" అని అడిగెను. మద్రాసు పరీక్ష సంగతి ఆమెకు చెప్పితిని. విని, వ్రేళ్లు మడిచి లెక్కపెట్టసాగెను. ఆమె పోయినది ఆ ఫలితములు వెలువడుటకు రెండేండ్ల ముందు.