కాలువ మొదట్లో మేము, చివర్లో వాళ్లు

జూలై వచ్చిందంటే మా ఇంట్లో పొద్దున్నే వినపడే మొదటి మాట "డ్యాము ఎంతకొచ్చింది?" అనే. ఇప్పుడు ఫోన్‌లో చూసుకుంటున్నాం. ఇదివరకు కాలువ లష్కర్ సైకిలు మీద పోతుంటే ఆపి అడిగేవాళ్లం. గంగావతి, కారటగి, సింధనూరు చుట్టూ క్యాంపుల్లో ఉన్న తెలుగు ఇళ్లన్నిటిలోనూ ఇదే వరస. నిండు మట్టం 1633 అడుగులని మా పిల్లలకి ఎక్కాల కంటే ముందు వచ్చేసేది.

ఆ నీళ్ల మీద ఎవరికెంత హక్కుందో మాత్రం మేము చాలా ఏళ్లు ఆలోచించలేదు.

తుంగభద్ర మీద పెద్ద జలాశయం కట్టాలన్న ఆలోచన 1860 నాటిది, ఆర్థర్ కాటన్‌ది. బళ్లారి, రాయలసీమ కరువులకి అదొక మందు అనుకున్నారు. నదికి ఒక ఒడ్డు మద్రాసుది, రెండో ఒడ్డు నిజాముది కావడంతో బేరం కుదరడానికే ఎనభై ఏళ్లు పట్టింది. 1944లో ఒప్పందం అయింది. 1945 ఫిబ్రవరి 28న రెండు ఒడ్ల మీదా పునాదిరాళ్లు పడ్డాయి. 1953లో కాలువలకి నీళ్లొచ్చాయి. అదే ఏడాది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్లారి జిల్లాలో ఎక్కువ భాగం మైసూరుకి పోయింది. 1956లో రాయచూరు కూడా మైసూరులో కలిసింది. రెండు ప్రభుత్వాల మధ్య పుట్టిన డ్యాము చివరికి మూడో ప్రభుత్వం చేతికొచ్చింది. అందుకే నీళ్ల పంపకం చూడ్డానికి తుంగభద్ర బోర్డు పెట్టారు.

మా తాతగారు గోదావరి జిల్లా నుంచి వచ్చింది ఆ తరవాతే. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు ఎకరాల నల్లరేగడి వచ్చేది. ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టి పెరిగిన మనిషికి కాలువ కనిపిస్తే వరి తప్ప ఇంకోటి తోచదు కదా. బోదెలు తీసి, చేలు చదును చేసి, గట్లు వేసి నాట్లు వేశారు. జొన్న, పత్తి పండే నేల సన్నబియ్యం నేల అయింది. గంగావతిని అన్నపు గిన్నె అంటుంటే మాకు గర్వంగా ఉండేది. కష్టం మాదే, కాదనం.

అయితే ఎడమ కాలువని వేసింది మాగాణికి కాదు. 227 కిలోమీటర్ల కాలువ అది. కొంచెం నీళ్లు ఎక్కువ పొలాలకి చేరాలి, కరువు తీరాలి అన్నదే లెక్క. అందుకే ఆయకట్టులో చాలా భాగాన్ని ఆరుతడి పంటలకే రాశారు. వరికి రాసింది చాలా తక్కువ. మొదట్లో ఉన్న మేమంతా వరి వేసేసరికి మాన్వి, రాయచూరు వైపు చివరి పొలాలకి నీళ్లు అందడం మానేశాయి. తూము పెద్దది చేసుకోవడం, గట్టుకి రాత్రిపూట గండి పెట్టడం, మోటారు దింపడం... ఇవన్నీ ఎవరో చేశారని రాస్తే అబద్ధం. మా ఇంట్లోనూ జరిగాయి.

ఒక వేసవిలో చివరి ఊళ్ల రైతులు ట్రాక్టర్లేసుకుని వచ్చి మా తూము దగ్గర కూర్చున్నారట. గొడవవుతుందని మగవాళ్లంతా కర్రలతో నిలబడ్డారు. మా నాన్నమ్మ మజ్జిగ బిందె తీసుకెళ్లింది. ఒక పెద్దాయన తాగి, "చేనుకి సరే, మా ఊరి చెరువులోకి తాగే నీళ్లు కూడా రాలేదమ్మా" అని కన్నడంలో అన్నాడట. ఆవిడ ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదని మా నాన్న ఇప్పటికీ చెబుతారు.

రాష్ట్రాల లెక్కలోకి వస్తే, బచావత్ ట్రిబ్యునల్ తుంగభద్ర డ్యాము నీళ్లని 212 టి.ఎం.సి.లుగా పంచింది. కర్ణాటకకి 138.99. ఆంధ్రకి ఎగువ కాలువ 32.5, దిగువ కాలువ 24, కె.సి. కాలువ 10. రాజోలిబండకి 6.51. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఇవి కాగితం మీది అంకెలు. నీళ్లు తగ్గిన ఏడాది అందరి వాటా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. జలాశయం కూడా మునుపటిది కాదు. మొదట్లో సుమారు 133 టి.ఎం.సి.లు పట్టేది, పూడిక పడి ఇప్పుడు 105కి వచ్చింది.

ఆ రాజోలిబండ కాలువ మన తలుపు పక్కనే రాయచూరు జిల్లాలో మొదలై అలంపురం వైపు పోతుంది. అక్కడ కాలువ చివర నీళ్ల కోసం చూసేది తెలుగు రైతే. ఎగువ కాలువ చివర అనంతపురం, కడపల్లో ఎదురుచూసేదీ తెలుగువాళ్లే. పేపర్లో "కర్ణాటక వర్సెస్ ఆంధ్ర" అని పడినప్పుడు మన రేషన్ కార్డు ఒక పక్క, మన మాట ఇంకో పక్క. "మీరెటు?" అని చుట్టాలు పెళ్లిళ్లలో ఆటపట్టిస్తారు. మేమిన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాం. నిజం చెప్పాలంటే, పై పొలం వాడు ఏ భాష మాట్లాడినా కింది పొలం వాడికి ఒకటే.

2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నిండు జలాశయం. నీళ్లు కళ్లముందే నదిలోకి పోతుంటే మా క్యాంపులో ఎవరూ పడుకోలేదు. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారి సలహాతో వారంలోపే స్టాప్‌లాగ్ పలకలు దింపి నీటిని ఆపారు. ఆ వారంలో మొదటిసారి కాలువ మొదట్లో ఉన్న మాకు, చివర్లో ఉన్నవాళ్లకి ఒకే భయం పట్టుకుంది. నీళ్లు రావేమోనన్న ఆ భయంతో చివరి ఊళ్లవాళ్లు ఏటా బతుకుతున్నారని మాకు అప్పుడే అర్థమైంది.

మా ఇంట్లో ఇప్పుడు సగం పొలంలోనే వరి. మిగతాది జొన్న, శనగ. తాతగారుంటే ఒప్పుకునేవారు కాదేమో. నాన్నమ్మ ఒప్పుకునేది.

మీ క్యాంపుల్లో పెద్దవాళ్లుంటే అడిగి రాసి పెట్టండి. ఎంత దూరం నుంచి వచ్చారు, ఎన్నెకరాలు చదును చేశారు అన్నది మాత్రమే కాదు, మన తూము దాటాక నీళ్లు ఎక్కడిదాకా పోయాయో కూడా అడగండి.