పిడికెడు గింజలతో నిలిచిన వసతి గృహం

మన సంఘ సభ్యుల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకున్నవారే. నేనూ ఆ కోవలోని వాడినే. అందుకే మహారాష్ట్రలోని సతారా ముచ్చట మీకు చెప్పాలనిపించింది.

1919లో రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించిన భావురావ్ పాటిల్, 1924లో సతారాలో పల్లె పిల్లలకు వసతి గృహం తెరిచారు. అన్ని కులాల పిల్లలూ కలిసి భోంచేసేవారు. 1927లో గాంధీజీ దానికి ఛత్రపతి షాహూ పేరు పెట్టారు.

నిధుల కోసం పాటిల్ ఊరూరా తిరిగారు. రైతుల ఇళ్లలో పిడికెడు ధాన్యం తీసి ఉంచేవారు. వారిలో చాలామంది బడి ముఖం చూడనివారే. అదీ చాలనప్పుడు ఆయన భార్య లక్ష్మీబాయి నగలతోపాటు మంగళసూత్రం కూడా అమ్మి పిల్లలకు అన్నం పెట్టారు. ఆమె 1930లో కన్నుమూశారు.

మనకు అన్నం పెట్టిన హాస్టళ్ల వెనుకా ఇలాంటి దాతలు ఉండే ఉంటారు. పింఛను అందుకున్న రోజున వారిని తలచుకుని, మన ఊరి బడికీ ఒక పిడికెడు తీసిపెడదాం.