సైన్స్ ఫిక్షన్ హారర్ చిత్రాల్లో మాతృత్వం, మానసిక గాయం

గర్భం, ప్రసవం, బిడ్డను పోగొట్టుకోవడం, పెంపకంలో హింస వంటి అనుభవాలను సైన్స్ ఫిక్షన్ చట్రంలో భయానకంగా చూపే సినిమాలు 1970ల చివరికి ఒక ప్రత్యేక ధారగా నిలదొక్కుకున్నాయి. రిడ్లీ స్కాట్ ‘ఏలియెన్’, డేవిడ్ క్రోనెన్‌బర్గ్ ‘ది బ్రూడ్’ రెండూ విడుదలైన 1979ని సాధారణంగా దీనికి మొదలుగా తీసుకుంటారు. లారీ కోహెన్ ‘ఇట్స్ అలైవ్’ (1974) నుంచి లెక్కించేవారూ ఉన్నారు. ఆ కథ ప్రధానంగా తండ్రి వైపు నుంచి నడుస్తుంది కనుక 1979 అనడమే సబబుగా తోస్తుంది.

సాహిత్య మూలం

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818) ఈ ఇతివృత్తానికి తొలి ఆధారం. షెల్లీని కన్న కొద్ది రోజులకే, 1797లో, తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మరణించారు. 1815లో షెల్లీకి నెలలు నిండకుండా పుట్టిన ఆడశిశువు బతకలేదు. విమర్శకురాలు ఎలెన్ మోయర్స్ 1970ల్లో ఈ నవలను ప్రసవ భయాల కథగా వ్యాఖ్యానించారు. జేమ్స్ వేల్ 1931లో తీసిన చిత్రంలో ఈ కోణం అంతగా కనిపించదు.

1979 నాటి రెండు చిత్రాలు

‘ఏలియెన్’లో ‘ప్రసవించేది’ పురుషుడు. అంతరిక్ష ఓడ సిబ్బందిలో ఒకడైన కేన్ ముఖాన్ని పట్టుకున్న జీవి అతనిలో పిండాన్ని నాటుతుంది. అది ఛాతీని చీల్చుకుని బయటపడుతుంది. సిబ్బంది ప్రాణాలు పోయినా ఫరవాలేదన్న రహస్య ఆదేశాన్ని దాచిన ఓడ కంప్యూటర్ పేరు ‘మదర్’. ఛాతీ చీలే ఘట్టం పుట్టుకపై భిన్న కథనాలున్నాయి. రచయిత డాన్ ఓబానన్‌ను బాధించిన పేగుల జబ్బు దానికి ప్రేరణ అని కొందరంటారు; మనిషిలో పిండం నాటే ఆలోచన సహరచయిత రొనాల్డ్ షుసెట్‌దని మరికొందరు. ఇవి పరస్పరం కొట్టివేసుకునేవి కావు.

‘ది బ్రూడ్’లో డాక్టర్ రాగ్లన్ చికిత్స రోగుల అణచుకున్న కోపాన్ని శరీరంపై బొబ్బలుగా, కణుతులుగా బయటికి తెస్తుంది. చిన్ననాట తల్లి చేతిలో దెబ్బలు తిన్న నోలా (సమంతా ఎగ్గర్) ఆగ్రహం పిల్లల రూపంలో పుట్టి, ఆమె ద్వేషించినవారిని చంపుతుంది. విడాకులు, కూతురి సంరక్షణ కోసం తాను చేసిన పోరాటం ఈ కథ వెనుక ఉన్నాయని క్రోనెన్‌బర్గ్ చెప్పారు. స్త్రీ పట్ల ద్వేషం ఉందన్న విమర్శ సినిమాపై బలంగా వచ్చింది. అయితే చివర నోలా కూతురు క్యాండిస్ చేతిపై అవే బొబ్బలు పొడచూపుతాయి. తల్లి నుంచి బిడ్డకు సంక్రమించే గాయమే అసలు విషయమనడానికి ఈ ముగింపు బలమైన ఆధారం.

‘ఏలియెన్స్’: రెండు రూపాలు

జేమ్స్ కామెరాన్ ‘ఏలియెన్స్’ (1986)లో, ‘ఏలియెన్’ ఓడ సిబ్బందిలో ప్రాణాలతో మిగిలిన రిప్లీ (సిగోర్నీ వీవర్) 57 ఏళ్ల శీతల నిద్ర తర్వాత దొరుకుతుంది. పీడకలలతో లేస్తుంది, ఆమె చెప్పింది ఎవరూ నమ్మరు. కామెరాన్ ఈ స్క్రిప్టును వియత్నాం యుద్ధ సైనికుడి కథైన ‘రాంబో’ రెండో చిత్రంతో దాదాపు ఒకే కాలంలో రాశారు. అమెరికా మనోవైద్యులు పీటీఎస్‌డీని (తీవ్ర ఘటనల తర్వాత వెంటాడే మానసిక గాయాన్ని) అధికారిక రుగ్మతల జాబితాలో చేర్చింది 1980లోనే. రిప్లీలో వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుడి ఛాయ చూడటం అందుకే అసంగతం కాదు.

థియేటర్లలో ఆడిన రూపం నిడివి 137 నిమిషాలు. అందులో రిప్లీకి కూతురున్న ప్రస్తావనే లేదు. తర్వాత వచ్చిన 154 నిమిషాల రూపంలో, పదకొండో పుట్టినరోజుకు వచ్చేస్తానని మాటిచ్చిన కూతురు అమాండా 66 ఏళ్ల వయసులో చనిపోయిందని రిప్లీకి తెలుస్తుంది. ఫొటోలో కనిపించే వృద్ధురాలు వీవర్ సొంత తల్లి, నటి ఎలిజబెత్ ఇంగ్లిస్. ఈ రూపం వీడియోగా వెలువడిన ఏడాదిని కొందరు 1991గా, కొందరు 1992గా పేర్కొంటారు.

తేడా చిన్నది కాదు. పొట్టి రూపంలో న్యూట్ అనే అనాథ పట్ల రిప్లీ మమకారం సహజ స్వభావంలా కనిపిస్తుంది. పొడవైన రూపంలో అది నిలబెట్టుకోలేకపోయిన మాటకు పరిహారం. గుడ్లు పెట్టే ఏలియెన్ రాణిని గుడ్ల మధ్య ఎదుర్కొన్న ఘట్టంలో రిప్లీ గుడ్లపై మంట గురిపెట్టగానే రాణి తన కాపలా జీవులను వెనక్కి పంపుతుంది. ఇద్దరు తల్లుల మధ్య కుదిరిన ఆ మౌన ఒప్పందం, ఒక గుడ్డు తెరుచుకోవడంతో భగ్నమవుతుంది. ఈ పాత్రకు వీవర్‌కు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ దక్కింది.

తర్వాతి చిత్రాలు

‘ఏలియెన్ 3’ (1992) ఆరంభంలోనే న్యూట్ మరణిస్తుంది. రాణి పిండాన్ని మోస్తున్న రిప్లీ కొలిమిలోకి దూకుతుంది. ‘ప్రొమిథియస్’ (2012)లో పిల్లలు కలగని ఎలిజబెత్ షా తనలో పెరుగుతున్న జీవిని యంత్రంతో కోయించుకుంటుంది. విన్సెంజో నటాలి ‘స్ప్లైస్’ (2009) వీటిలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. తల్లి క్రూరత్వాన్ని అనుభవించిన శాస్త్రవేత్త ఎల్సా తన డీఎన్‌ఏతోనే ఒక జీవిని సృష్టించి, దానిపై తల్లి తీరునే చూపుతుంది.

విమర్శ

బార్బరా క్రీడ్ 1986 నాటి వ్యాసంలోనూ, 1993 నాటి పుస్తకంలోనూ మనోవిశ్లేషణ ఆధారంగా ఈ చిత్రాల్లో ఆదిమాత పట్ల భయాన్ని గుర్తించారు. ‘ఏలియెన్స్’ రిప్లీని సంప్రదాయ తల్లి పాత్రలోకి కుదించిందన్న వాదమూ ఉంది. తొలి చిత్రం విషయంలో క్రీడ్ సిద్ధాంతం ఇప్పటికీ ఉపయోగకరమే. రెండో చిత్రానికి మాత్రం పుత్రికాశోకం కోణమే ఎక్కువ వివరణ ఇస్తుంది. అందుచేత మాతృత్వ చర్చకు 154 నిమిషాల రూపాన్ని, 1986 నాటి ప్రేక్షకాదరణ చర్చకు 137 నిమిషాల రూపాన్ని ప్రమాణంగా తీసుకోవడం ఉచితం.