ఎద్దులబండి మీద వచ్చిన ఇంధనం: విమాన కిరోసిన్ పుట్టుపూర్వోత్తరాలు

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో టపా సంచులు వేసుకుని పుస్ మాత్ అనే చిన్న విమానంలో బయల్దేరాడు. దారిలో అహ్మదాబాదులో దిగితే బర్మా షెల్ వాళ్ళు నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో పెట్రోలును ఎద్దులబండి మీద తెచ్చి నింపారు. బొంబాయి నుంచి ఆ టపాను పైలట్ నెవిల్ వింట్సెంట్ అందుకుని బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. బళ్ళారి అప్పుడు కర్నూలు, కడప, అనంతపురాలకు తోడబుట్టిన జిల్లా. అంతకు నాలుగేళ్ళ కిందట, 1928లో నంద్యాలలో జరిగిన సభలోనే, దత్తమండలాలు అని పిలిచే ఆ జిల్లాలకు రాయలసీమ అన్న పేరు వచ్చింది. పటం మీద బళ్ళారి నుంచి మద్రాసుకు గీత గీసి చూడండి. అది అనంతపురం, కడప సీమల మీదుగానే పోతుంది. అంటే టాటా తొలి విమాన టపా మార్గంలోనే మన కరువు నేల ఉంది. మన గడ్డ మీద నుంచి టిక్కెట్టు కొని విమానం ఎక్కే రోజు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఆ చిన్న విమానం తాగింది పెట్రోలు. ఇవాళ కర్నూలు దగ్గరి ఓర్వకల్లులోనో కడపలోనో దిగే ఏటీఆర్ విమానం తాగేది కిరోసిన్. మన అవ్వల కాలంలో బుడ్డీల్లో, లాంతర్లలో వెలిగిన కిరసనాయిలుకు అది దగ్గరి చుట్టం. ముడిచమురును కాచి ఆవిరి పట్టేటప్పుడు పెట్రోలు కంటే బరువుగా, డీజిలు కంటే తేలికగా, దాదాపు 150 నుంచి 300 డిగ్రీల మధ్య దిగే భాగంలోంచే రెండూ వస్తాయి. శుద్ధిలో, పరీక్షల్లో తేడా ఉంటుంది. చౌకధరల దుకాణంలో ఇచ్చే కిరోసిన్‌కు కల్తీ పట్టుకోవడానికి నీలిరంగు కలిపారు. విమానానికి పోసేదానిలో అలాంటి రంగుకు చోటు లేదు.

కిరోసిన్‌ను 1846లో కెనడాకు చెందిన అబ్రహాం గెస్నర్ వెలిగించి చూపించాడు. అప్పట్లో అది బొగ్గు నుంచి తీసింది. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ బావిలో చమురు పడ్డాక కిరోసిన్ ప్రపంచ వ్యాపారమైంది. పెట్రోలును అప్పుడు పనికిరాని సరుకుగా చూసేవారు, దీపానికి కావలసింది కిరోసిన్ మరి. అది మన ఆసియా దేశాలకు తగరపు డబ్బాల్లో, చెక్కపెట్టెల్లో సర్దుకుని ఓడల్లో వచ్చేది. నూనె అయిపోయినా డబ్బాను ఎవరూ పారేసేవారు కాదు. నీళ్ళు మోయడానికి, గింజలు దాచడానికి, రేకుగా కోసి కప్పు వేయడానికి వాడుకునేవారు.

డబ్బాల ఖర్చు తగ్గించాలన్న లెక్కలోంచే నేటి ట్యాంకర్ ఓడ పుట్టింది. 1886లో నీళ్ళకెక్కిన గ్లుకౌఫ్‌ను, ఓడ శరీరంలోనే తొట్లు కట్టిన తొలి సముద్రపు ట్యాంకర్లలో ఒకటిగా చెబుతారు. ఆసియాకు సంబంధించినంతవరకు అసలు మలుపు 1892 ఆగస్టు. లండన్ వ్యాపారి మార్కస్ శామ్యూల్ కట్టించిన మురెక్స్, నల్ల సముద్రపు బాటుమ్ రేవులో దాదాపు 4,000 టన్నుల రష్యా కిరోసిన్ నింపుకుని సూయెజ్ కాలువ దాటింది. అప్పటిదాకా నూనె నింపిన ట్యాంకర్లను కాలువలోకి రానివ్వలేదు. మంట లేస్తే కాలువే మూతపడుతుందన్న భయం. కొత్త ఓడను ఎంత జాగ్రత్తగా కట్టారో తేలాకే అనుమతి దొరికింది. సముద్రపు గవ్వల వ్యాపారంతో మొదలైన ఆ కుటుంబమే 1897లో షెల్ కంపెనీ పెట్టింది. టాటా విమానానికి బండి తోలుకొచ్చిన బర్మా షెల్ ఆ కొమ్మే. అందుకే ఈ కథలో భద్రత గురించిన మాట తర్వాత అతికించింది కాదు. ట్యాంకర్‌కు ఆసియా దారి తెరిచిందే భద్రత మీద ఇచ్చిన హామీ.

బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజను 1941 మే 15న విమానాన్ని లేపింది, కిరోసిన్‌తోనే. పెట్రోలులా తొందరగా ఆవిరి కాదు, తొందరగా అంటుకోదు, యుద్ధకాలంలో దొరుకుతుంది. దీపాల కోసం పుట్టిన నూనె ఆకాశానికి అలా ఎక్కింది. మనకు 1960లో ఎయిర్ ఇండియా జెట్ విమానాలు బోయింగ్ 707లు వచ్చాయి. అప్పటికే 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది. 1978లో అది హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. ఓడల్లో వచ్చే ముడిచమురే దాని ప్రాణం. ఆ విశాఖలోనే ఇప్పుడు కొండ కింద తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురును అత్యవసరానికి దాచే ఏర్పాటుంది.

రేవు నుంచి రెక్క దాకా సాగే ప్రయాణాన్ని కాస్త నిదానంగా చూడాలి. జెట్ ఏ-1 అని పిలిచే ఈ ఇంధనానికి రెండు అంకెలు ముఖ్యం. మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదు. 38 డిగ్రీల లోపు దాని ఆవిరి నిప్పు అందుకోకూడదు. మొదటి అంకె ఆకాశం కోసం. పెద్ద జెట్‌లు ఎగిరే 35 వేల అడుగుల పైన బయట చలి మైనస్ 50 దాటుతుంది. రెండో అంకెను మాత్రం మన ఎండతో కలిపి చదవాలి. మే నెల మధ్యాహ్నం కర్నూలులో నీడలోనే 40 దాటుతుంది. చల్లటి దేశాల్లో ధీమా ఇచ్చే ఆ 38 మన దగ్గర వేసవి అంతా దాటిపోయే గీత. ఓర్వకల్లు ఎండలో నిలబడి ఇంధనం నింపేవాళ్ళు ఆవిరిని, నిప్పురవ్వను తలుచుకునే పని చేయాలి. అందుకే బండికి, విమానానికి మధ్య ముందు లోహపు తీగ కలుపుతారు, ఆ తర్వాతే గొట్టం. ఇంధనం గొట్టంలో పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు రవ్వగా దూకకుండా ఉండటానికే ఆ తీగ.

నిప్పు తర్వాత శత్రువు నీళ్ళు. ట్యాంకర్ లారీ వచ్చాక సీళ్ళు, బ్యాచ్ కాగితాలు సరిచూస్తారు. సాంద్రత కొలిచి, 15 డిగ్రీల వద్ద ఎంతుండాలో ఆ లెక్కకు మారుస్తారు, ఎండకు నూనె పొంగుతుంది కాబట్టి. తొట్టి అడుగు నుంచి కొంత ఇంధనం గాజు కూజాలోకి పట్టి గుండ్రంగా తిప్పి వెలుతురుకు ఎత్తి చూస్తారు. తళతళా ఉండాలి. మబ్బు పట్టినట్టున్నా, అడుగున బొట్టు కనిపించినా ఆపేస్తారు. తర్వాత సిరంజికి చిన్న బిళ్ళ తగిలించి ఇంధనాన్ని దాని గుండా లాగుతారు. కంటికి కనపడని నీరు ఉంటే బిళ్ళ రంగు మారుతుంది. ఇంధనంలో నీరు ఏం చేయగలదో 2008 జనవరి 17న తెలిసింది. బీజింగ్ నుంచి వస్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777లో ఇంధనంలోని నీరు మంచు పలుకులై దారికి అడ్డుపడింది. లండన్ హీత్రో రన్‌వేకు కాస్త ముందే విమానం నేలకు తగిలింది. 152 మందీ బతికారు.

శంషాబాదులో నేల కింద గొట్టాలు వేసి విమానం పక్కకే ఇంధనం తెస్తారు. చిన్న విమానాశ్రయాల్లో బండి నుంచే నింపుతారు, లేదా విమానం తిరుగు ప్రయాణానికి సరిపడా ముందే మోసుకొస్తుంది. ఎక్కడ చౌకో అక్కడ నింపుకోవడం విమాన కంపెనీల లెక్క. ఆ లెక్కలో రాష్ట్రాల పన్నే పెద్ద భాగం, ఈ ఇంధనం ఇప్పటికీ జీఎస్‌టీ బయటే ఉంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ పథకం మొదలుపెట్టినప్పుడు ఆ రోజు ఎగిరిన సర్వీసుల్లో కడప-హైదరాబాదు ఒకటి. పథకం కిందికి వచ్చే విమానాశ్రయాల్లో రాష్ట్రాలు విమాన ఇంధనం మీద వ్యాట్‌ను 1 శాతానికి దించాయి. కర్నూలు ఓర్వకల్లులో 2021 మార్చి 25న విమానాశ్రయం ప్రారంభమై, 28 నుంచి ఇండిగో ఏటీఆర్‌లు బెంగళూరు, చెన్నై, విశాఖకు తిరిగాయి. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

ఇప్పుడు సముద్రానికి వద్దాం. 2025 మార్చి 10 ఉదయం, ఇంగ్లండు తూర్పు తీరంలో హంబర్ నది ముఖద్వారం బయట స్టెనా ఇమ్మాక్యులేట్ అనే అమెరికా ట్యాంకర్ లంగరేసి ఉంది. గ్రీసు నుంచి తెచ్చిన సుమారు 2.2 లక్షల బ్యారెళ్ళ విమాన ఇంధనం అందులో ఉంది. అమెరికా సైన్యం అవసరానికి వచ్చిన సరుకు. అంటే దాదాపు 3.5 కోట్ల లీటర్లు. 20 వేల లీటర్ల లారీల్లోకి ఎత్తితే 1,750 బండ్లు కావాలి. స్కాట్లాండులోని గ్రేంజ్‌మౌత్ నుంచి రాటర్‌డాంకు పోతున్న సోలాంగ్ అనే సరుకు ఓడ దాదాపు 16 నాట్ల వేగంతో, కదలకుండా ఉన్న ఆ ట్యాంకర్‌ను గుద్దింది. ఒక తొట్టి చీలి ఇంధనం పొంగి అంటుకుంది. సోలాంగ్ నావికుడు ఒకరు చనిపోయారు. మిగతా 36 మందిని ఒడ్డుకు చేర్చారు. సుమారు 17,500 బ్యారెళ్ళు పోయాయి. మిగిలినదాన్ని తర్వాత నింపాదిగా దించుకున్నారు. ఆ వేళప్పుడు రెండు ఓడల్లోనూ చుట్టూ చూడటానికి ప్రత్యేకంగా కాపలాదారు లేరని బ్రిటన్ ఓడ ప్రమాదాల దర్యాప్తు విభాగం తన తొలి నివేదికలో తేల్చింది.

మన గుమ్మంలోనూ ఇలాంటిది జరిగింది. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు కామరాజర్ రేవు బయట, గ్యాసు దించి వెళ్తున్న బీడబ్ల్యూ మేపుల్, పెట్రోలియం సరుకుతో వస్తున్న డాన్ కాంచీపురం అనే ఓడలు గుద్దుకున్నాయి. అక్కడ ఒలికింది ఓడ ఇంజనుకు వాడే చిక్కటి నూనె. జెట్ ఇంధనమైతే చాలావరకు ఆవిరవుతుంది. ఈ జిడ్డు రాళ్ళకు, ఇసుకకు, తాబేళ్ళకు పట్టింది. జాలర్లు, విద్యార్థులు, కోస్ట్‌గార్డ్ జవాన్లు బకెట్లతో తోడారు. పులికాట్ సరస్సు దక్షిణ కొనకు ఆ రేవు ఎంతో దూరం కాదు.

నేల మీద ఒక్క బొట్టు నీరు కనబడితే లారీ మొత్తాన్ని ఆపే వ్యవస్థ, సముద్రం మీద 1,750 లారీల సరుకును ప్రత్యేక కాపలా లేకుండా వదిలింది. ఇది కొత్త చట్టాలు రాసి సరిచేసే లోపం కాదు. ఓడలు గుద్దుకోకుండా 1972లో రాసుకున్న అంతర్జాతీయ నిబంధనల్లో అయిదోది, ప్రతి ఓడలో ఎల్లవేళలా కళ్ళతో, చెవులతో కాపలా ఉండి తీరాలని చెబుతుంది. భారతదేశమూ దానికి కట్టుబడి ఉంది. మన రేవులకు వచ్చే ట్యాంకర్లలో అది ఎంతవరకు అమలవుతోందో తనిఖీ చేసి, ఆ ఫలితాలను ఏటా ప్రజల ముందు పెట్టమని కేంద్ర నౌకాయాన శాఖను పార్లమెంటులో అడగాలి. తీరం లేని కర్నూలు, కడపల ఎంపీలే ఆ ప్రశ్న వేయాలని నా విన్నపం, మన విమానం ఎగిరేది ఆ ఓడ తెచ్చిన నూనెతోనే.